ఫోటో ఉంది సరే, ఆ చోటు ఎక్కడ? అంటార్కిటికా పటాలు, పేర్ల మీద ఒక ప్రసంగం

(భూగోళశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ రోజు పటాలు చూపించాలి, దూరం నుంచి కనిపించవు.

ఫోనులో మ్యాప్ వాడనివాళ్లు ఈ గదిలో ఎవరూ ఉండరనుకుంటాను. ఎప్పుడైనా ఆ మ్యాప్‌ని అట్టడుగుదాకా లాగి చూశారా? అక్కడ తెల్లగా ఒక ఖండం ఉంటుంది. దాన్ని పెద్దది చేస్తూ పోతే శిఖరాల పేర్లు, హిమానీనదాల పేర్లు, అఖాతాల పేర్లు వరసగా బయటపడతాయి. అంటార్కిటికాలో పనిచేసే దేశాల శాస్త్రవేత్తల సంస్థ ఒకటుంది, స్కార్ అంటారు. అన్ని దేశాలూ పెట్టిన పేర్లను ఆ సంస్థ ఒక పట్టికలో చేర్చింది. అందులో 35 వేలకు పైగా పేర్లున్నాయి. ముప్పై అయిదు వేలు! తరతరాలుగా అక్కడ కాపురమున్న జాతి ఒక్కటీ లేదు. ఊరు లేదు, పొలం లేదు. మరి ఇన్ని పేర్లు ఎవరు పెట్టారు? ఏం చూసి పెట్టారు?

మన ఊళ్లలో పేర్లు ఎలా వస్తాయో మీకు తెలుసు. పడమటి చేను, మర్రి దిబ్బ, ఊర చెరువు. ఆ దారిన నడిచేవాళ్లు పిలవగా పిలవగా పేరు స్థిరపడుతుంది. అంటార్కిటికాలో చాలాచోట్ల పేరు ముందొచ్చింది, మనిషి అడుగు తర్వాత పడింది. కొన్నిచోట్ల ఇప్పటికీ పడలేదు. విమానంలోంచి చూశారు, ఫోటో తీశారు, పేరు పెట్టేశారు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ విమానఫోటోల నుంచి పటాలు గీసినవాణ్ణి. ఉప్పల్‌లో సర్వే శిక్షణలో స్టీరియోస్కోప్ ముందు, అంటే జంట ఫోటోల్లో ఎత్తుపల్లాలు చూపించే పరికరం ముందు కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. అంటార్కిటికాకి నేను వెళ్లలేదు. కానీ ఆ ఖండం పటం తయారైన తీరు చదివినకొద్దీ నా పనిమీద నాకు గౌరవం పెరిగింది. ఈ రోజు చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఫోటో ఏముందో చూపిస్తుంది, అది ఎక్కడుందో చెప్పదు. ఎక్కడుందో తేలనిదే పేరు నిలబడదు. ఆ తేల్చే పని నేలమీద నిలబడ్డ సర్వేయరుది.

సరే, కథలోకి వెళ్దాం. 1928 డిసెంబరు 20. హ్యూబర్ట్ విల్కిన్స్ అనే ఆస్ట్రేలియన్, కార్ల్ బెన్ ఐల్సన్ అనే పైలట్. వీళ్లిద్దరూ అప్పటికి నెల రోజుల ముందే, నవంబరు 16న, అంటార్కిటికాలో మొట్టమొదటి విమానం ఎగరేశారు. డిసెప్షన్ అని ఒక దీవి ఉంది, అగ్నిపర్వతం నోరు సముద్రంలో మునిగి ఏర్పడిన దీవి. అక్కడి బూడిదనేలను చదును చేసి రన్‌వే చేసుకున్నారు. డిసెంబరు 20న అక్కణ్ణుంచి లాక్‌హీడ్ వేగా విమానంలో బయల్దేరి, అంటార్కిటికా ద్వీపకల్పం వెంట దక్షిణానికి వెళ్లి, తుఫాను కమ్ముకొస్తుంటే వెనక్కి తిరిగారు. రానూపోనూ సుమారు 2,000 కిలోమీటర్లు. కుక్కల బండ్లమీద అయితే నెలలు పట్టే దూరం అది. అదీ వెళ్లగలిగితే!

ఒక్కసారి ఆ కాక్‌పిట్‌లో కూర్చున్నట్టు ఊహించుకోండి. కింద కనిపిస్తున్నదాన్ని అంతకుముందు ఏ మనిషీ చూడలేదు. చేతిలో కెమెరా, ఒళ్లో కాగితం, పెన్సిల్. విమానం ఆగదు. ఒక కొండ కనిపించి, దాన్ని గీసేలోపు ఇంకో కొండ వచ్చేస్తుంది. విల్కిన్స్ చూస్తూ, గీస్తూ, పేర్లు పెడుతూ పోయాడు.

ఏం పేర్లు పెట్టాడు? డబ్బిచ్చిన పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ పేరు మీద హర్స్ట్ లాండ్. ఇంజను పేరు వర్ల్‌విండ్ కాబట్టి ఒక అఖాతానికి వర్ల్‌విండ్. విమానం కంపెనీ పేరున లాక్‌హీడ్ పర్వతాలు. ఆ విమానాన్ని డిజైన్ చేసిన నార్త్రప్ పేరున ఒక అగ్రం, అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలమొన. ఇంజనాయిలు పేరున ఇంకో అఖాతం, మొబిలాయిల్ ఇన్‌లెట్! వీటిలో కొన్ని పేర్లు ఇవాళ్టికీ పటంమీద ఉన్నాయి. మీరు నవ్వుతున్నారు కానీ ఆ మనిషి పరిస్థితి చూడండి. ప్రభుత్వం డబ్బివ్వలేదు. ఇచ్చినవాళ్ల రుణం తీర్చుకోవడానికి అతని దగ్గరున్నవి ఆ పేర్లే.

అసలు విషయం అది కాదు. విల్కిన్స్‌కి ఆ ద్వీపకల్పం ముక్కలు ముక్కలుగా కనిపించింది. ఒక తీరం నుంచి ఇంకో తీరానికి అడ్డంగా కోసుకుపోయిన జలమార్గాలు కనిపించాయి, మంచు గడ్డకట్టిన జలమార్గాలు. వాటికి క్రేన్ ఛానల్, కేసీ ఛానల్, లూరబీ ఛానల్ అని పేర్లు పెట్టాడు. ఇంకా దక్షిణాన స్టెఫాన్సన్ జలసంధి. దాంతో ప్రపంచ పటం మారిపోయింది. ద్వీపకల్పం కాదు, దీవుల సమూహం అన్నారు. భూగోళ పత్రికల్లో ఆ పటం అచ్చయింది. దాన్ని నమ్మకుండా ఉండటానికి ఎవరికైనా కారణం ఏముంది? ఫోటోలు కూడా ఉన్నాయి కదా!

ఆరేళ్ల తర్వాత జాన్ రైమిల్ అని ఇంకో ఆస్ట్రేలియన్ వచ్చాడు. విల్కిన్స్, రైమిల్ ఇద్దరిదీ దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమే. రైమిల్‌ది పెనోలా అనే ఊరు, అతని ఓడ పేరూ పెనోలాయే. 1934 నుంచి 1937 దాకా ఆ బ్రిటిష్ యాత్ర సాగింది. చిన్న బృందం, డబ్బు తక్కువ. వాళ్ల దగ్గర ఒక చిన్న విమానం ఉంది, కుక్కల బండ్లున్నాయి. ఈ రెండింటినీ కలిపి వాడటంలోనే రైమిల్ గొప్పతనం ఉంది. విమానంతో ముందు దారి చూసుకునేవాడు. తర్వాత బండి కట్టి, కోణాలు కొలిచే థియొడలైట్ ఎక్కించుకుని ఆ దారినే నేలమీద వెళ్లేవాడు. ఆల్ఫ్రెడ్ స్టీఫెన్సన్ వాళ్ల ముఖ్య సర్వేయరు.

పటంలో ఉన్న ఛానళ్ల కోసం వాళ్లు వెతికారు. ఛానల్ ఉంటే బండ్లు సులువుగా అవతలి తీరానికి దాటిపోవచ్చు. వెతికితే ఏం దొరికింది? కొండలు. ఆ కొండల వెనక ఎత్తైన పీఠభూమి. దాని మీంచి రెండు వైపులకూ జారుతున్న హిమానీనదాలు. 1936 చివర్లో రైమిల్, మరొకరు కలిసి ఆ పీఠభూమి ఎక్కి తూర్పు వైపు దాటారు. ఎక్కడా ఛానల్ లేదు. ముక్కలు లేవు. ఒకే నేల, దక్షిణాన ఖండంతో అతుక్కున్న ద్వీపకల్పం. అంతకుముందు పాత పటాల్లో ఎలా అనుకున్నారో అలాగే ఉంది.

మరి విల్కిన్స్ అబద్ధం చెప్పాడా? లేదు. దయచేసి అలా అనుకోకండి. అతను చూసింది నిజంగానే చూశాడు. ఆ తూర్పు తీరంలో సముద్రం మీద మంచుపలకలు తేలుతుంటాయి, వందల అడుగుల మందం, బల్లపరుపుగా. కొండల మధ్య లోయ నిండా హిమానీనదం మెల్లగా దిగివచ్చి ఆ మంచుపలకలో కలిసిపోతుంది. కలిసేచోట గీత ఉండదు. పైనుంచి చూస్తే ఆ మంచుపలకే లోయలోకి చొచ్చుకుపోయినట్టుంటుంది. తెలుపు మీద తెలుపు. కొంత దూరం పోయాక ఆ లోయ రెండువేల అడుగులు ఎక్కిందా, మూడువేలు ఎక్కిందా, సముద్రమట్టంలోనే ఉందా? కంటికి తెలియదు. కెమెరాకీ తెలియదు. కాళ్లకే తెలుస్తుంది. బండి లాగే కుక్కలకి తెలుస్తుంది!

ఆ తర్వాత ఆ పేర్లని ఏం చేశారో చూడండి. కొట్టెయ్యలేదు. క్రేన్ ఛానల్ క్రేన్ హిమానీనదం అయింది. కేసీ ఛానల్ కేసీ హిమానీనదం. లూరబీ కూడా అంతే. స్టెఫాన్సన్ జలసంధి కుదించుకుపోయి ఒక దీవికీ తీరానికీ మధ్య మిగిలింది, ఆ దీవి ఇప్పుడు హర్స్ట్ దీవి. పేరు పెట్టినవాడు చూసిన వస్తువు ఏదో గుర్తుపట్టి, అది నిజానికి ఏమిటో తేల్చి, ఆ పేరుని దానికే అంటించారు. ఇది నాకు చాలా నచ్చిన పని. తప్పు దిద్దారు, మనిషిని అవమానించలేదు. విల్కిన్స్ పేరు మీద అక్కడే ఒక తీరం ఉంది. రైమిల్ పేరు మీదా ఒక తీరం ఉంది.

ఇప్పుడు కొంచెం సాంకేతిక విషయం చెప్తాను. విద్యార్థులు జాగ్రత్తగా వినండి, ఇది పరీక్షల్లోనూ పనికొస్తుంది.

విమానం తిన్నగా ఎగురుతూ కిందికి ఫోటోలు తీస్తుంది. ఒక ఫోటోలో ఉన్న నేలలో దాదాపు 60 శాతం పక్క ఫోటోలో మళ్లీ వచ్చేలా తీస్తారు. అంటే ఒకే కొండని రెండు చోట్ల నుంచి చూసినట్టు. ఆ రెండు ఫోటోల్నీ స్టీరియోస్కోప్ కింద పక్కపక్కన పెట్టి, కుడికన్నుతో ఒకటి, ఎడమకన్నుతో ఒకటి చూడాలి. మొదట రెండుగా కనిపిస్తుంది. ఒక ఫోటోని వేలితో అటూ ఇటూ జరుపుతూ ఉంటే ఒక క్షణంలో రెండూ అతుక్కుంటాయి, కొండ కాగితంలోంచి పైకి లేస్తుంది. లోయ లోపలికి దిగుతుంది. మొదటిసారి చూసినవాళ్లు కాగితం మీద చెయ్యి పెట్టి తడుముతారు, నిజంగా లేచిందేమో అని. ఇవాళ మీకు చూపించడానికి ఒక జత తెచ్చాను, అయిపోయాక వచ్చి చూడండి.

ఇప్పుడు మంచు ఫోటో పెట్టండి. ఏం లేస్తుంది? ఏమీ లేవదు. రెండు ఫోటోల్లో ఒకే బిందువుని గుర్తుపడితేనే కదా ఎత్తు తెలిసేది! పొలంలో చెట్టుంటుంది, గట్టుంటుంది, బావి ఉంటుంది. మంచు మైదానంలో ఏముంది? తెల్లకాగితం పక్కన తెల్లకాగితం. అందుకని మంచు దేశాల సర్వేయర్లు పగుళ్ల కోసం, మంచులోంచి పొడుచుకొచ్చిన రాతి శిఖరాల కోసం వెతుకుతారు. అక్కడ ఒక నల్లరాయి దొరకడమంటే అదృష్టం. సూర్యుడు వాలి ఉన్నప్పుడు ఫోటో తీస్తారు, గాలి మలిచిన మంచు గీతల నీడలైనా పడతాయని.

సరే, కొండ లేచింది. అది ఎంత పెద్దది? ఏ అక్షాంశం మీద ఉంది? ఫోటోలో ఆ సమాచారం లేదు. కనీసం కొన్ని బిందువుల స్థానం నేలమీద కొలిచి తెచ్చి ఇవ్వాలి. వాటిని కంట్రోల్ పాయింట్లు అంటాం. అవి లేని ఫోటోల వరస గాలిలో తేలుతున్న చాపలాంటిదే, ఎటు లాగితే అటు జరుగుతుంది. నాలుగు మూలలా మేకులు కొడితేనే నిలుస్తుంది.

ఆ మేకులు కొట్టడం అంటార్కిటికాలో ఎలా ఉండేదో! జీపీఎస్ లేని రోజులు. మన దగ్గరైతే రాత్రి నక్షత్రాలు చూసి స్థానం లెక్కకడతాం. అక్కడ పని జరిగేది ఎండాకాలంలో, ఎండాకాలంలో రాత్రే లేదు. కాబట్టి సూర్యుణ్ణే చూడాలి, గంటల తేడాతో మళ్లీ మళ్లీ చూడాలి. మబ్బు పడితే గుడారంలో కూర్చోవాలి, రోజుల తరబడి. అయస్కాంత ధ్రువం దగ్గర కాబట్టి దిక్సూచిని పెద్దగా నమ్మలేం. థియొడలైట్ మరని తిప్పాలంటే మందపాటి గ్లౌజు తియ్యాలి, తీస్తే చల్లటి లోహం చర్మానికి అతుక్కుంటుంది. కంటి కటకం దగ్గర ఊపిరి వదిలితే ఆ ఊపిరి అద్దం మీద గడ్డకడుతుంది. ఊపిరి బిగబట్టి చూడాలి, చూసింది పక్కవాడికి చెప్పాలి, అతను పెన్సిల్‌తో రాసుకోవాలి. ఒక్క బిందువు కోసం ఇదంతా. పటం మీద అది సూదిమొనంత చుక్క.

ఈ చుక్కలు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు. మొదటిది అమెరికా నౌకాదళం చేసిన ఆపరేషన్ హైజంప్, 1946–47. పదమూడు ఓడలు, నాలుగువేలకు పైగా మనుషులు. ఒక్కో విమానంలో మూడు కెమెరాలు ఒకేసారి క్లిక్‌మనేవి, ఒకటి నిట్టనిలువుగా కిందికి, రెండు చెరో పక్కకి, ఈ దిగంతం నుంచి ఆ దిగంతం దాకా. సుమారు 70 వేల ఫోటోలు తీశారు. ఇంటికొచ్చాక చూసుకుంటే వాటిని పటంగా మార్చడానికి నేలమీద కొలతలు లేవు. మరుసటి ఏడాది, 1947–48లో, హెలికాప్టర్లతో సర్వేయర్లని రాళ్లమీద దించి, సూర్యుణ్ణి కొలిపించి తేవడానికి ఇంకో యాత్ర వెయ్యాల్సొచ్చింది. డెబ్భై వేల ఫోటోలు నలుగురు మనుషుల కోసం ఎదురుచూశాయన్నమాట!

రెండోది మనకి దగ్గరి విషయం. 1938–39లో జర్మనీ ష్వాబెన్‌లాండ్ అనే ఓడని పంపింది. నాయకుడు ఆల్ఫ్రెడ్ రిట్షర్. ఓడమీద రెండు నీటివిమానాలు, బోరియాస్, పాసాట్. కొన్ని వారాల్లోనే 11 వేలకు పైగా ఫోటోలు తీశారు. ఆ నేల మాదే అని చెప్పుకోవడానికి విమానంలోంచి స్వస్తిక గుర్తున్న లోహపు బాణాలు కిందికి వదిలారు. కానీ కంట్రోల్ పాయింట్లు లేవు. ఎగిరిన దారిని విమానం వేగాన్నీ, దిశనూ బట్టి అంచనా వేసుకున్నారు. దాంతో పటంలో కొండలు ఉండాల్సిన చోట లేవు. తర్వాత వచ్చిన నార్వేవాళ్లు నేలమీద కొలిచాకగానీ ఆ ప్రాంతానికి నమ్మదగిన పటం రాలేదు. బాణాలు వదిలితే నేల మనదవదు, పటం రాదు.

ఆ యాత్రలో బోరియాస్ విమానం పైలట్ పేరు షిర్మాకర్. మంచు మధ్యలో అతనికి రాతినేల, సరస్సులు కనిపించాయి. దానికి షిర్మాకర్ ఒయాసిస్ అని పేరొచ్చింది. ఆ పేరు ఎక్కడైనా విన్నారా? మన దేశపు పరిశోధన స్టేషన్ మైత్రి ఉన్నది అక్కడే. 1983–84లో మంచుపలక మీద కట్టిన మన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోతుంటే, గట్టి రాతినేల వెతుక్కుని మైత్రి కట్టారు. రష్యావాళ్ల నొవొలాజరెవ్‌స్కయా స్టేషన్ కూడా అదే ఒయాసిస్‌లో, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది.

మైత్రి పక్కన ఒక మంచినీటి సరస్సు ఉంది. స్టేషన్‌కి నీళ్లు అందులోంచే వస్తాయి. మనవాళ్లు దాన్ని ప్రియదర్శిని సరస్సు అంటారు. రష్యన్ పటాల్లో దాని పేరు జుబ్. ఒకే సరస్సు, రెండు పేర్లు. ఏది సరైనది? నన్నడిగితే ఆ నీళ్లు తాగేవాళ్లు పిలిచే పేరు బతుకుతుంది. రెండు పేర్లూ పట్టికలో ఉండాలి, పక్కపక్కన, ఒకే అక్షాంశ రేఖాంశాలతో. అప్పుడే అవి రెండు సరస్సులు కావని చదివేవాడికి తెలుస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, అంటార్కిటికాలో పేర్లకు ఒక యజమాని లేడు. ప్రతి దేశానికీ సొంత కమిటీ. బ్రిటన్‌కి 1945 నుంచి ఉంది. అమెరికాకి ఉంది, రష్యాకి, అర్జెంటీనాకి, చిలీకి, బల్గేరియాకి కూడా ఉంది. 1959లో అంటార్కిటికా ఒప్పందం మీద సంతకాలు చేసినప్పుడు ఎవరి హక్కుల వాదన ఎక్కడుందో అక్కడే ఆపేశారు. పేర్లు మాత్రం ఆగలేదు. మనం ఇంతసేపూ మాట్లాడుకున్న ద్వీపకల్పాన్నే చూడండి. బ్రిటన్‌వాళ్లు గ్రాహం లాండ్ అనేవారు, అమెరికావాళ్లు పామర్ అనేవారు, అర్జెంటీనా వాళ్లకి సాన్ మార్టిన్, చిలీవాళ్లకి ఓహిగిన్స్. 1964లో ఇంగ్లీషు మాట్లాడే దేశాలు రాజీపడి, మొత్తానికి అంటార్కిటికా ద్వీపకల్పం, ఉత్తర భాగానికి గ్రాహం, దక్షిణ భాగానికి పామర్ అని పంచుకున్నాయి. అర్జెంటీనా, చిలీ పటాల్లో ఇప్పటికీ వాళ్ల పేర్లే.

కమిటీలు వచ్చాక ఒక మంచి జరిగింది. వ్యాపార సరకుల పేర్లు పెట్టడం ఆగింది, విమానం దిగీ దిగకముందే పేరు ప్రకటించడం ఆగింది. పటం వచ్చాక, ఆ చోటు ఫలానా అని తేలాక పేరు. ఒక ప్రాంతానికి ఒక వరస పేర్లు పెట్టే పద్ధతి కూడా వచ్చింది. బ్రబంట్ దీవిలో వైద్యుల పేర్లు, పాశ్చర్, జెన్నర్, లిస్టర్. అలెగ్జాండర్ దీవిలో సంగీతకారులు, మొజార్ట్, బీథోవెన్, బాఖ్.

నాకు అన్నిటికంటే ఇష్టమైన వరస ఇంకోటుంది. 1955 నుంచి 57 దాకా బ్రిటిష్ వాళ్లు పీటర్ మాట్ నాయకత్వంలో డిసెప్షన్ దీవి నుంచే నీటివిమానాలతో ద్వీపకల్పాన్ని ఫోటో తీశారు. ఈసారి తప్పు జరగలేదు. ఫోటోలు తీసేవాళ్లూ, నేలమీద కొలిచేవాళ్లూ ఒకే యాత్రలో ఉన్నారు. ఆ ఫోటోల నుంచి పటాలు గీశాక, 1960లో కొత్త శిఖరాలకి ఎవరి పేర్లు పెట్టారో తెలుసా? పటాలు గీసే విద్యని కనిపెట్టినవాళ్ల పేర్లు! 1858లో బెలూన్ ఎక్కి మొదటి ఆకాశఫోటో తీసిన ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ టూర్నషోన్ పేరున ఒక శిఖరం. ఫోటోల నుంచి పటం గీయవచ్చని చూపించిన లాసెదా పేరున కొండలు. జంట ఫోటోల్ని కొలిచే యంత్రం చేసిన పుల్‌ఫ్రిక్ పేరున ఒక శిఖరం. కెనడా కొండల్ని ఫోటోలతో సర్వే చేయించిన దెవిల్ పేరున ఒక హిమానీనదం. రాజులు కాదు, డబ్బిచ్చినవాళ్లు కాదు. బల్ల ముందు కళ్లు చిట్లించుకుని కూర్చుని పనిచేసినవాళ్లు. పుల్‌ఫ్రిక్ సూత్రం మీద నడిచే యంత్రాల ముందు కూర్చుని నా జీవితం గడిచింది. ఆ పేరు పటం మీద మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఎవరో మనల్ని గుర్తుపెట్టుకున్నారనిపించింది.

మనవాళ్ల పేరు ఒక్కటైనా ఉందా అని ఇందాక ఒకరు అడిగారు. ఉంది. అఖౌరి సిన్హా అని బీహార్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన జీవశాస్త్రవేత్త, 1971–72లో అక్కడి సముద్రాల్లో సీళ్లని లెక్కించే పనిలో పాల్గొన్నారు. ఆయన పేరున మౌంట్ సిన్హా ఉంది, 990 మీటర్లు.

ఆర్కిటిక్ గురించి ఒక్క మాట. అక్కడ సంగతి పూర్తిగా వేరు. గ్రీన్‌లాండ్‌లో, ఉత్తర కెనడాలో వేల ఏళ్లుగా మనుషులున్నారు. వేటకి వెళ్లే ప్రతి రాయికీ, ప్రతి పాయకీ వాళ్లకి పేరుంది. బయటివాళ్లు వచ్చి చూసి, ఖాళీగా ఉందనుకుని, తమ నావికుల పేర్లు పెట్టారు. కెనడాలో ఫ్రోబిషర్ బే అని పటంలో ఉన్న పట్టణం 1987లో మళ్లీ అక్కడి మూలవాసులైన ఇన్యుయిట్‌ల పేరు ఇకాలుయిట్ తెచ్చుకుంది. అంటార్కిటికాలో అయితే అడిగేవాళ్లు లేరు. ఆర్కిటిక్‌లో ఉన్నవాళ్లని అడగకుండా పెట్టారు. ఆ తేడా మీరు మరిచిపోకూడదని చెప్తున్నాను.

ఇంత పాత ఫోటోలతో ఇప్పుడు పనేముంది, ఉపగ్రహాలున్నాయి కదా అనుకోవచ్చు. ఉంది. ఉపగ్రహ చిత్రాలు మనకి దొరికేది యాభై అరవై ఏళ్ల నుంచే. అంతకుముందు మంచు ఎక్కడిదాకా ఉండేది? దానికి సాక్ష్యం ఈ ఫోటోలే. లార్స్ క్రిస్టెన్సెన్ అని నార్వేలో తిమింగలాల వేట ఓడల యజమాని, 1937లో తూర్పు అంటార్కిటికా తీరాన్ని విమానంలోంచి ఫోటో తీయించాడు. కోపెన్‌హాగన్ పరిశోధకులు అందులో 2,200 ఫోటోలు తీసుకుని, కంప్యూటర్‌లో జంటలు కలిపి, 21 హిమానీనదాల అప్పటి ఎత్తు కట్టారు. 2024లో ఫలితం వచ్చింది. ఆ తీరంలో మంచు ఎనభై అయిదేళ్లుగా మొత్తంమీద నిలకడగా ఉంది, కొన్నిచోట్ల కాస్త పెరిగింది కూడా. పశ్చిమ అంటార్కిటికాలో మంచు ఇంత కరిగిపోతుంటే తూర్పున ఈ తీరం నిలబడిందని తెలియడం చిన్న విషయం కాదు.

ఆ ఫోటోల్లో ఉన్న తీరాల్లో ఒకదాని పేరు ఇంగ్రిడ్ క్రిస్టెన్సెన్ తీరం. ఇంగ్రిడ్ ఆయన భార్య, తనూ ఆ విమానం ఎక్కి అంటార్కిటికాని పైనుంచి చూసిన మనిషి. ఆ తీరంలోనే లార్స్‌మన్ కొండలున్నాయి. 2012 నుంచి మన భారతి స్టేషన్ ఉన్నది ఆ కొండల మీదే. భారతిలో మన దేశపు ఉపగ్రహాల సమాచారం అందుకునే యాంటెనా ఉంది, 2013లో పెట్టారు. అక్కడ అందుకున్న సమాచారం ఎక్కడికి వస్తుందో తెలుసా? మన షాద్‌నగర్‌కి! నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌కి. ఇక్కణ్ణుంచి గంటన్నర బస్సు ప్రయాణం. మీలో ఎవరైనా ఆ ఉద్యోగానికి వెళ్తే, అంటార్కిటికా మీంచి దాటిన ఉపగ్రహం చూసింది మీ బల్లమీదకి వస్తుంది.

విల్కిన్స్ గురించి ఇంకొక సంగతి మిగిలింది. క్రేన్ ఛానల్ లేదు, అది హిమానీనదం అని చెప్పాను కదా. ఆ క్రేన్ హిమానీనదం లార్సెన్ బి అనే మంచుపలకలో కలిసేది. 2002లో ఆ మంచుపలక కొన్ని వారాల్లోనే పగిలిపోయింది, సుమారు 3,250 చదరపు కిలోమీటర్లు. అడ్డు పోయేసరికి క్రేన్ హిమానీనదం వేగం దాదాపు మూడింతలై, మూతి చాలా దూరం వెనక్కి పోయింది. అది ఖాళీ చేసిన లోయలోకి సముద్రం వచ్చింది. విల్కిన్స్ అనుకున్నట్టు అవతలి తీరం దాకా కాదు, అది ఎప్పటికీ కాదు, మధ్యలో పీఠభూమి ఉంది. కానీ అతను నీళ్లున్నాయనుకున్న లోయ నోటిదగ్గర ఇవాళ నిజంగానే నీళ్లున్నాయి. అక్కడ మంచు ఎంత మందాన ఉండేది, ఎంత పోయింది అని లెక్క కట్టాలంటే పాత ఫోటోలు కావాలి, వాటికి మేకులు కొట్టిన కంట్రోల్ పాయింట్లు కావాలి. గుడారంలో మబ్బు విడేదాకా కూర్చున్నవాడి పెన్సిల్ అంకెలు ఇప్పుడు మనకి అవసరమొచ్చాయి.

విద్యార్థులకి ఒక పని చెప్తాను. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ తన దగ్గరున్న అంటార్కిటికా విమానఫోటోలు, మూడు లక్షలకు పైగా, స్కాన్ చేసి ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ అని కొడితే వస్తుంది. మంచు మైదానం తీసుకోకండి, విసుగొస్తుంది. రాయి ఉన్న తీరం ఎంచుకోండి, ద్వీపకల్పంలో బోలెడు దొరుకుతాయి. పక్కపక్కన ఉన్న రెండు ఫోటోలు దింపుకుని ప్రింట్ తీసి, జంట కలిపి చూడండి. తర్వాత ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో అదే రాయిని వెతికి పట్టుకోండి. పట్టుకున్నాక స్కార్ పట్టికలో దాని పేరు చూడండి, ఎన్ని దేశాలు ఎన్ని పేర్లు పెట్టాయో రాసుకురండి. మూడోవారం మళ్లీ వస్తాను, అప్పుడు వాటిమీద కూర్చుని మాట్లాడుకుందాం. స్టీరియోస్కోప్ ఆ కిటికీ పక్క బల్లమీద పెట్టాను, వరసలో రండి, కళ్లద్దాలున్నవాళ్లు తియ్యక్కర్లేదు.